ఆఖరి బస్సు వచ్చేదాకా పంటు కదిలేది కాదు

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. రామచంద్రపురం డిపో. సర్వీసులో ఎక్కువ భాగం కాకినాడ – కోటిపల్లి లైనులోనే గడిచింది. మేం ద్రాక్షారామంలో ఉండేవాళ్ళం, భీమేశ్వరుడి గుడికి దగ్గర్లోనే. ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "కండక్టరు గారమ్మాయి" అంటేనే అందరికీ తెలిసేది.

ఈమధ్య మన వైపు సిటీ బస్సుల గురించి, కరెంటు బస్సుల గురించి మాటలు ఎక్కువయ్యాయి. పేపర్లో ఏ వార్త వచ్చినా నాన్నకి చదివి వినిపిస్తాను. ఆయనకి ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ వినికిడి బాగానే ఉంది. అంతా విన్నాక ఆయన అడిగేది ఒక్కటే. "బాగానే ఉందమ్మా. మరి లింకు ఎక్కడ?" లింకు అంటే ఒక బండి దిగినవాళ్ళకి వెంటనే ఇంకోటి అందడం. ఆ మాట వెనక ఎంత ఉందో ఆయనతో ఆ బస్సుల్లో తిరిగిన నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నాన్న డ్యూటీకి బయల్దేరేటప్పుడు చూడటం నాకు ఇష్టం. ఖాకీ చొక్కా, భుజానికి తోలుసంచీ, చేతిలో టికెట్ల ట్రే. ఆ ట్రేలో ఒక్కో ధరకి ఒక్కో రంగు టికెట్ల కట్టలు వరుసగా ఉండేవి. ఏ కట్ట ఎక్కడుందో చూడకుండానే బొటనవేలితో చింపేవారు. పంచితో చిల్లు కొట్టి ఇచ్చేవారు. అదే పంచిని కడ్డీ మీద టకటకా కొడితే వెనక సీటులో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి చిల్లర తీసేవాళ్ళు. చిల్లర లేకపోతే టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవారు, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చేవారు. స్టేజీ మారగానే ఎస్సార్ కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఏ కట్టలో ఏ నంబరు దాకా అయిందో రాసుకునేవారు. చెకింగు వాళ్ళు ఎక్కితే ముందు చూసేది దాన్నే. వేళంగి దాటాక రోడ్డు గతుకులు. బస్సు అంతలా ఊగుతున్నా ఆ కాగితం మీద అంకెలు ముత్యాల్లా ఉండేవి. ఇంట్లో మా నోటుపుస్తకాలకి అట్టలు వేసి పేర్లు రాసేదీ ఆయనే.

నైట్ హాల్టు డ్యూటీ పడిందంటే ఆ రాత్రి నాన్న ఇంటికి రారు. కాకినాడ నుంచి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా బస్సు కోటిపల్లి చేరి అక్కడే ఆగిపోతుంది. డ్రైవరుగారూ నాన్నా సీట్ల మీదే పడుకుని, తెల్లారుజామున గోదాట్లో స్నానం చేసి మొదటి సర్వీసు తీస్తారు. మా ఇల్లు దారిలోనే ఉన్నా బస్సు ఆపుకుని అన్నం తినే వీలు ఉండదు కదా. అమ్మ క్యారేజీ కట్టి అంతకు ముందు బస్సు డ్రైవరుగారికి ఇచ్చేది. అది కోటిపల్లిలో టీకొట్టు దగ్గర దిగేది. తెల్లారి మొదటి బస్సులో ఖాళీ క్యారేజీ మా సందు మొదట్లో నాన్న చేతి నుంచి నా చేతికి వచ్చేది. బస్సు పూర్తిగా ఆగేది కూడా కాదు, కొంచెం నెమ్మదించేది. క్యారేజీలు ఒక్కటేనా? న్యూస్‌పేపర్ల కట్టలు, మందుల షాపుకి చీటీలు, టైలరు కుట్టిన బట్టలు, "మావాడు పాసయ్యాడని చెప్పండి" లాంటి కబుర్లు, అన్నీ ఆ బస్సులోనే వెళ్ళేవి.

సెలవుల్లో ఎప్పుడైనా నన్ను కూడా నైట్ హాల్టుకి తీసుకెళ్ళేవారు. అమ్మకి ఇష్టం ఉండేది కాదు, నేను ఏడ్చి సాధించేదాన్ని. కోటిపల్లి రేవు దగ్గర గోదావరి గౌతమి పాయ ఎంత వెడల్పో చూసినవాళ్ళకి తెలుసు. అవతల ముక్తేశ్వరం, అక్కడి నుంచి అమలాపురం. మధ్యలో పంటు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి బిగిస్తే పంటు, దాన్ని నడపడానికి ఇంజను. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కొబ్బరి బుట్టలు, అరటి గెలలు, పెళ్ళివాళ్ళు, మేకలు, అన్నీ దాని మీదే దాటేవి. వేసవిలో ఇసుక తిన్నెలు తేలి పంటు చుట్టూ తిరిగి రావాలి. శీతాకాలం మంచు కమ్మి రేవు మెట్ల అవతల ఏమీ కనపడదు.

ఆ మంచులోనే నాన్న పనితనం చూశాను. మొదటి బస్సు టైమయ్యేది. డ్రైవరుగారు స్టార్టు చేయబోతే నాన్న చెయ్యెత్తి ఆపేవారు. మెట్ల మీదకి వెళ్ళి నిలబడేవారు, మాట్లాడొద్దని మాకు సైగ చేసేవారు. కాసేపటికి నీళ్ళ మీద ఎక్కడో సన్నగా టుకు టుకు టుకు. "వచ్చేస్తోంది, తిన్నె దాటింది. ఇంకో పావుగంట" అనేవారు. ఆ చప్పుడు మాకెవ్వరికీ అప్పటికి వినపడేది కాదు. పావుగంటలో పంటు ఒడ్డు తగిలేది. దిగినవాళ్ళందరూ పరుగెత్తుకుంటూ బస్సెక్కేవాళ్ళు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు, కోర్టు వాయిదాలున్నవాళ్ళు, కాలేజీ పిల్లలు, కొబ్బరి వర్తకులు. ఆ బస్సు తప్పితే తర్వాతది రెండు గంటల తర్వాతే. ఆసుపత్రిలో ఓపీ చీటీలు అప్పటికి అయిపోతాయి. ఆ పావుగంట ఆలస్యాన్ని రామచంద్రపురం చేరేలోపు డ్రైవరుగారు ఎలా పూడ్చేవారో ఆయనకే తెలియాలి.

సాయంత్రం లెక్క తిరగబడేది. కాకినాడ నుంచి వచ్చే ఆఖరి బస్సు కోసం పంటు ఆగేది. ఒకసారి వానాకాలంలో రోడ్డుకి అడ్డంగా చెట్టు పడి మా బస్సు బాగా ఆలస్యమైంది. నేనూ అందులోనే ఉన్నాను. బస్సులో ఒకావిడ, పురుడు పోసుకున్న కూతుర్ని, పసిగుడ్డుని పెద్దాసుపత్రి నుంచి తీసుకెళ్తోంది. వాళ్ళది ముక్తేశ్వరం అవతల ఏదో పల్లె. "పంటు ఎల్లిపోద్దేమో బాబూ, రాత్రికి ఎక్కడుండాలి" అని దారంతా అడుగుతూనే ఉంది. నాన్న "ఉంటుందమ్మా, ఉంటుంది" అంటూనే ఉన్నారు. కోటిపల్లి చేరేసరికి చిమ్మచీకటి. రేవులో లాంతరు వెలుగుతోంది. పంటు మీద అప్పటికే ఎక్కి కూర్చున్నవాళ్ళు చలికి ముడుచుకుని ఉన్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. బాలింతకి చోటిచ్చి జరిగారు. పంటు నడిపే సరంగుకి నాన్న దండం పెడితే ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మీ బస్సు లైటు మలుపులో కనపడకుండా ఎలా ఎల్తామండి కండట్రు గారూ."

రేవుని వేలం పాటలో పాడుకున్నవాళ్ళు వేరు, బస్సు నడిపే సంస్థ వేరు. ఇద్దరి మధ్యా ఏ కాగితమూ లేదు. ఎవరి పై ఆఫీసరూ ఎవరికీ ఆర్డరు వెయ్యలేదు. కానీ బస్సుకీ పంటుకీ కలిపి ఒకటే టైము ఉండేది. నాన్న జేబులో చిన్న డైరీ ఒకటుండేది. అందులో బస్సు టైములు తక్కువ, మిగతావి ఎక్కువ. మొదటి పంటు ఎప్పుడు కదులుతుంది, ద్రాక్షారామం హైస్కూలు ఎప్పుడు వదులుతారు, రామచంద్రపురంలో ఆఖరి సినిమా ఎప్పుడు అవుతుంది, కాకినాడలో సికింద్రాబాదు రైలు ఎక్కాలంటే ఏ బస్సుకి రావాలి, శివరాత్రికి కోటిపల్లి స్నానాలవాళ్ళు ఏ వేళ నుంచి మొదలవుతారు. కిలోమీటరుకి ఎంత రాబడి వచ్చింది (ఈపీకే), సీట్లు ఎంత నిండాయి (ఆక్యుపెన్సీ రేషియో) లాంటి లెక్కలు డిపోలో రోజూ అడుగుతారు. ఆ లెక్కలు బాగుండాలంటే ఈ డైరీ ఉండాలని ఆయన నమ్మకం.

మా నాయనమ్మ ఈ మాట వింటే "ఇందులో కొత్తేముందిరా" అనేది. ఆవిడ పుట్టిల్లు కడియం వైపు. కాపురానికి కాలవలో పడవెక్కి వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర కాలవలు పొలాలకి నీళ్ళివ్వడంతో పాటు రోడ్లు లేని ఈ నేలకి దారులూ అయ్యాయి. ధాన్యం, కలప, జనం, అంతా గూటి పడవల్లోనే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. కాలవ నీటిమట్టం మారే చోట ఉండే లాకుల దగ్గర ఒక్క పడవ కోసం తలుపులు తియ్యరు. వెనక వచ్చేవి కూడా చేరాక, అన్నిటినీ లోపల పెట్టి, నీళ్ళు సమానం చేసి అప్పుడు వదులుతారు. ముందొచ్చినవాళ్ళు అన్నాలు వండుకునేవాళ్ళట. నాయనమ్మ పెళ్ళి పడవ లాకు దగ్గర ఆగినప్పుడే పక్క పడవలో వాళ్ళు ఇచ్చిన పులిహోర తిని, "అత్తారింట్లో ఇంత బాగా చేస్తారో లేదో" అనుకుందట. ఆ పక్క పడవవాళ్ళే తర్వాత మా ఇంటికి చుట్టాలయ్యారు, అదో పెద్ద కథ.

రైలు సంగతి కూడా చెప్పాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వేశారు, దగ్గర దగ్గర 45 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీకి పట్టుకెళ్ళిపోయారు. మా తాతయ్య పట్టాలు వెయ్యడమూ చూశారు, పీకడమూ చూశారు. మా చిన్నప్పుడు ఆ పాత కట్ట మీద గేదెలు మేసేవి. రైలంటే మాకు అదే. మళ్ళీ ఆ లైను మీద బండి నడిచింది 2004లో. కొన్నాళ్ళు ఒకే పెట్టె రైలుబస్సు తిరిగింది. నాన్న అప్పటికి రిటైరయ్యారు. మొదటివారమే నన్నూ పిల్లల్నీ ఎక్కించుకుని వెళ్ళి, కోటిపల్లి స్టేషన్లో దిగి, రేవుదాకా ఎంత నడవాలో చూశారు. పంటు టైముకీ దీనికీ పొత్తు కుదర్లేదని ఆ రోజు బాధపడ్డారు. రైలు వచ్చినందుకు సంతోషమే. రేవు కోసం ఆగని బండి కోటిపల్లిదాకా రావడం ఎందుకన్నది ఆయన ప్రశ్న.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా తరంవాళ్ళెవరూ మరచిపోరు. తెల్లారి చూస్తే కోనసీమలో కొబ్బరిచెట్లు పడని రోడ్డు లేదు. మా ఇళ్ళ పెంకులు పొలాల్లో దొరికాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అవతల మావాళ్ళు ఉన్నారో లేదో తెలిసే దారి లేదు. అప్పుడు రామచంద్రపురం వైపు నుంచి మొదటి బస్సు ద్రాక్షారామం వచ్చినప్పుడు జనం గుమిగూడి ఏడ్చారు. బస్సులో గొడ్డళ్ళు, రంపాలు ఉన్నాయి. అడ్డం పడ్డ ప్రతిచోటా డ్రైవరు, కండక్టరు, ప్రయాణికులు దిగి చెట్టు నరికి దారి చేసుకుంటూ వచ్చారు. ఆ బస్సు తెచ్చిన కబుర్లతోనే మాకు ఎవరు బతికున్నారో తెలిసింది. బస్సంటే ఊరికి ఏమిటో నాకు ఆ రోజు అర్థమైనంతగా మళ్ళీ ఎప్పుడూ అర్థం కాలేదు.

తర్వాత వంతెనలొచ్చాయి. యానాం – ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగి వంతెన 2002లో తెరిచారు. ఆ ఏడాది మార్చిలోనే అప్పటి లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెనకి ఆయన పేరు పెట్టారు. కాకినాడ నుంచి అమలాపురానికి బస్సు దిగకుండా వెళ్ళిపోవచ్చు. రోగిని అర్ధరాత్రి తీసుకెళ్ళినా గోదావరి అడ్డం రాదు. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే రేవులన్నీ బందయ్యే కాలాన్ని చూసినవాళ్ళం మేము. వంతెన విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న ఆ వంతెన మీద మొదటిసారి బస్సులో వెళ్ళి, దిగి, రైలింగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

కోటిపల్లి రేవు మాత్రం అప్పటి నుంచి పల్చబడింది. ఈలోపు ఇంటికో మోటారు సైకిలు, సెంటరుకో షేర్ ఆటో. ఆటో నిండితే కదులుతుంది, టైముతో పనిలేదు. పగలు బాగానే ఉంటుంది. పొద్దుపోయాక ఆడపిల్ల ఒక్కతీ ఎక్కాలంటే ఆలోచించాలి. నేను కాకినాడలో చదువుకున్న రోజుల్లో సాయంత్రం ల్యాబు ఎంత ఆలస్యమైనా ఆఖరి బస్సు ఉందన్న ధైర్యం మా ఇంట్లో అందరికీ ఉండేది. ఆ ధైర్యంతోనే మా వీధిలో నలుగురు ఆడపిల్లలం డిగ్రీలు పూర్తి చేశాం. తండ్రి కండక్టరు కావడం నా ఒక్కదాని అదృష్టం. మిగతా ముగ్గుర్నీ చదివించింది ఆ బస్సు టైమే.

ఇప్పుడు నేను కాకినాడలోనే ఉంటున్నాను. నాన్న నా దగ్గరే. కరెంటు బస్సుల పథకాన్ని 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించింది. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు దాటిన ఊళ్ళకి 10,000 బస్సులు. మన రాష్ట్రానికి వచ్చిన వాటాలో కాకినాడ, రాజమహేంద్రవరం పేర్లు ఉన్నాయి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, మెట్టు కిందకి ఉంటుంది. నడిపేవాళ్ళకి కిలోమీటరుకి ఇంతని పదేళ్ళపాటు కేంద్రం సాయం చేస్తుంది. ఇదంతా నాన్నకి చాలా నచ్చింది. మోకాళ్ళ నెప్పులతో ఎత్తు మెట్లు ఎక్కలేక బస్సు మానుకున్న పెద్దవాళ్ళని ఆయన ఎంతమందినో చూశారు. "మెట్టు కిందకుంటే మీ అమ్మ కూడా ఎక్కును" అన్నారు. అమ్మ పోయి చాలాకాలమైంది.

మొన్నామధ్య ఆయన్ని ఆర్టీసీ కాంప్లెక్సుకి తీసుకెళ్ళాను, ఊరికే బస్సులు చూద్దామని. కండక్టరమ్మాయి చేతిలో చిన్న యంత్రం, ఫోనుతో డబ్బు కట్టొచ్చు. నాన్న ఆ యంత్రం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "ఎస్సార్ ఎవరు రాస్తారమ్మా" అని అడిగితే, "అదే రాసేసుకుంటుందండి తాతగారూ" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆడవాళ్ళందరికీ 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత ప్రయాణం కదా, పల్లెవెలుగు నిండా వాళ్ళే. కూరగాయల బుట్టలతో, పసిపిల్లలతో, పుస్తకాల సంచులతో. ఒకావిడ తాళ్ళరేవు నుంచి వచ్చి పెద్దాసుపత్రిలో ఉన్న అక్కని రోజూ చూసి వెళ్తోందట. "ఇదివరకు రెండు రోజులకోసారి వచ్చేదాన్నండి" అంది. నాన్న ఆ మాటని ఇంటికొచ్చాక మూడుసార్లు చెప్పారు.

పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులో తమ బస్సు ఎక్కడుందో చూసుకుంటున్నారు. మ్యాపు మీద చుక్క కదులుతోంది. నాన్నకి చూపించమన్నాను. ఒకతను ఫోను ఆయన కళ్ళ దగ్గర పెట్టి, "ఇదిగోండి, సర్పవరం దాటింది" అన్నాడు. నాన్న చాలాసేపు చూసి, "మరి ఇది డ్రైవరుకి కూడా కనపడుతుందా? ఈ బస్సు కోసం ఇంకెవరైనా ఎదురు చూస్తున్నారా అన్నది తెలుస్తుందా?" అని అడిగారు. కుర్రాడు జవాబు చెప్పలేదు. అతని దగ్గర జవాబు ఉండాల్సిన ప్రశ్న కాదు అది. ఈ పథకాలు గీసే బల్ల మీద ఉండాల్సిన ప్రశ్న.

కాకినాడ సంగతే చూడండి. మెయిన్ లైనులో లేని ఊరు ఇది. సామర్లకోటలో ఆగే రైళ్ళెన్నో ఇక్కడికి రావు. రాత్రి పదింటికో పదకొండింటికో అక్కడ దిగినవాళ్ళు సామాను పట్టుకుని ఆటో బేరం ఆడుకోవాలి. రైలు గంట ఆలస్యమైతే ఆ సంగతి దేశం మొత్తానికి ఫోనులో తెలుస్తుంది. పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న బస్సుకి తెలియదు. ఊళ్ళోకి వస్తే, ఉప్పుటేరుకి ఇవతల ఊరు, అవతల జగన్నాథపురం, మధ్యలో వంతెన మీద ఒకటే కిక్కిరిసిన రద్దీ. పల్లెల నుంచి వచ్చే బస్సులన్నీ కాంప్లెక్సులో ఆగుతాయి. వాళ్ళు వెళ్ళాల్సింది ఆసుపత్రికి, కాలేజీలకి, భానుగుడి వైపు, వాకలపూడి ఫ్యాక్టరీలకి. పల్లె నుంచి కాకినాడ దాకా ఉచితంగా వచ్చిన ఆవిడ కాంప్లెక్సు నుంచి ఆసుపత్రికి ఆటోకి డబ్బులు పెట్టుకుంటోంది. కొత్త సిటీ బస్సు ఆ తాళ్ళరేవు బస్సు కోసం ఐదు నిమిషాలు ఆగి, ఆవిడని ఎక్కించుకుని ఆసుపత్రి గేటు దగ్గర దింపాలి. నాకైతే సిటీ బస్సు వచ్చినట్టు అప్పుడే. ఏసీ తర్వాత సంగతి.

కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన వాటర్ మెట్రో ఎక్కే భాగ్యం నాకు కలిగింది. కరెంటు పడవలు. నీళ్ళతో పాటు పైకీ కిందకీ తేలే రేవులు. ఆటుపోట్లు ఎలా ఉన్నా పడవ గుమ్మమూ రేవూ ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దాయన్ని ఒక్కమ్మాయే తేలిగ్గా లోపలికి తోసుకెళ్ళింది. మెట్రో రైలుకీ పడవకీ ఒకే కార్డు. అక్కడ నిలబడి నేను కోటిపల్లి రేవునే తలచుకున్నాను. బల్ల మీద నుంచి బాలింత చెయ్యి పట్టుకుని దింపిన నాన్నని తలచుకున్నాను. లంకలు, పాయలు, కాలవలు మనకి మాత్రం తక్కువా? సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి ఈ రోజుకీ పంటే దగ్గర దారి. అంత ఖర్చు మనం పెట్టలేకపోవచ్చు. కానీ పడవని కూడా ఊరి రవాణాలో ఒక భాగంగా చూడటానికి ఖర్చేం కాదు. మన దగ్గర రేవు అంటే ఏటా పాట పాడే హక్కుగానే ఉండిపోయింది.

కోటిపల్లి నుంచి నర్సాపురం రైలు లైను 2000 – 01లో మంజూరైంది, 57 కిలోమీటర్లు. గౌతమిలో స్తంభాలు లేచాయి. రేవులో నిలబడితే కనిపిస్తాయి. అది పూర్తయితే కోనసీమకి రైలు వస్తుంది. ఆ రోజు చూడాలని నాన్నకి కోరిక.

ఈలోపు ఇంకొకటి జరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రామచంద్రపురం, ద్రాక్షారామం కోనసీమ జిల్లాలోకి వెళ్ళాయి. కలెక్టరాఫీసు అమలాపురంలో. మావాళ్ళకి ఏ కాగితం పని పడినా గౌతమి దాటాలి. చుట్టూ తిరిగి యానాం మీదుగానో రావులపాలెం మీదుగానో వెళ్ళే ఓపిక లేనివాళ్ళకి మళ్ళీ ఆ పంటే దగ్గర దారి. పల్చబడిపోయిందనుకున్న రేవుకి మళ్ళీ పనిపడింది. ఇప్పుడైనా అటు ముక్తేశ్వరంలో, ఇటు కోటిపల్లిలో పంటు టైముకి బస్సు నిలబడి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నాన్న చెవిని నమ్ముకుని చేసిన పని ఇప్పుడు ఎంత సులువో ఆలోచించండి. మంచులో మెట్ల మీద నిలబడి ఇంజను చప్పుడు కోసం వెతకక్కర్లేదు. పంటు మీద ఒక చిన్న పరికరం పెడితే అది తిన్నె దాటిందో లేదో బస్సు డ్రైవరు ముందున్న తెర మీద కనపడుతుంది. రైలు ఎంత ఆలస్యమో సామర్లకోట బస్సుకి తానంతట అదే తెలుస్తుంది. ఆఖరి బస్సు ఎక్కడుందో సరంగుకి తెలుస్తుంది. కావలసిన యంత్రాలన్నీ చేతికొచ్చేశాయి. అయితే కిలోమీటరుకి ఇంతని కట్టేటప్పుడు, టైము తప్పితే జరిమానా అని రాసేటప్పుడు, ఫలానా రైలు కోసం, ఫలానా పంటు కోసం ఇంతసేపు ఆగితే ఆ ఆలస్యం తప్పు కాదని కూడా ఆ ఒప్పందంలో రాయాలి. రాయకపోతే ఏ డ్రైవరు ఆగుతాడు? ఎందుకు ఆగాలి? నాన్న రోజుల్లో ఆ పావుగంట ఆయన సొంత పూచీ. డిపోలో సంజాయిషీ ఇచ్చుకున్న రోజులూ ఉన్నాయి. ఇప్పటి కుర్రాళ్ళ మీద ఆ బరువు పెట్టకూడదు.

పోయిన ఆదివారం నాన్న ఆ పాత డైరీ బయటికి తీయించారు. అట్ట ఊడిపోయింది గానీ అంకెలు అలాగే ఉన్నాయి. నేను చదువుతుంటే ఒక్కొక్కటీ సరిచేస్తూ వచ్చారు. ఈ స్కూలు ఇప్పుడు తొమ్మిదికే పెడుతున్నారు, ఈ సినిమాహాలు లేదు, ఈ రైలు టైము మారింది, ఆసుపత్రి ఓపీ చీటీలు ఎప్పుడిస్తున్నారో కనుక్కో. పంటు ఇప్పుడు పొద్దున్న ఎన్నింటికి కదులుతోందో ఫోన్లో తేలలేదు. ముక్తేశ్వరంలో మా చిన్నాన్న కొడుకుని రేవుకి పంపించి అడిగించాం. ఆ టైముల పక్కన ఏ బస్సు ఎంతసేపు ఆగాలో నాన్న చెబుతుంటే తెల్ల కాగితం మీద రాశాను. రెండు పేజీలు వచ్చింది. రామచంద్రపురం డిపోకి ఒక కాపీ, కాకినాడకి ఒకటి, జిల్లా ఆఫీసుకి ఒకటి. అమలాపురం కాపీ తనే స్వయంగా పట్టుకెళ్తానంటున్నారు. కోటిపల్లి మీదుగా, పంటెక్కి.